మేలి గుడ్డకు ముందు కోరా గుడ్డ

“గుడ్డ మేలైనది. కొలతలు జాగ్రత్తగానే తీసుకున్నాము. కుట్టులో వంక పెట్టడానికి లేదు. అయినా కమీజు ఒంటికి కుదరలేదు. ఎందువల్ల?” ఇంటిపనుల గురించి ఈ శీర్షికలో వ్రాసినప్పుడెల్లా సోదరీమణుల నుంచి ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. పండుగకు ముందు నెలలో మరీ ఎక్కువగా వస్తుంది. మా మదరసాలో జుహ్ర్ నమాజు తరువాత పెద్ద తరగతుల బాలికలకు కుట్టుపని నేర్పడం చిరకాలంగా ఉన్న ఆనవాయితీ. ఆ గదిలో ఏళ్ళ తరబడి చూస్తూ వచ్చిన దానిని బట్టి ఈ నెల ఈ ప్రశ్నకు కాస్త విపులంగా సమాధానం చెప్పదలచాము.

కొలతల టేపు అబద్ధమాడదు. కాని అది సగమే చెబుతుంది. ఛాతీ చుట్టుకొలత 38 అంగుళాలని చెబుతుంది. ఆ 38 అంగుళాలు వీపు వెడల్పు వల్ల వచ్చినవా, ముందుభాగపు నిండుదనం వల్ల వచ్చినవా అన్నది చెప్పదు. ఇద్దరు స్త్రీల ఛాతీ కొలత ఒకటే కావచ్చును. ఒకరిది విశాలమైన వీపు, మరొకరిది ఇరుకైన వీపు. కొలతను నాలుగు భాగాలు చేసి, ఒక భాగానికి వదులు కలిపి గీత గీస్తే ఇద్దరికీ ఒకే ముక్క వస్తుంది. ఆ కమీజు మొదటి ఆమెకు వీపు మీద బిగుసుకుంటుంది, రెండవ ఆమెకు వీపు మీద ముడతలు పడి ముందుభాగంలో లాగుతుంది. భుజం వాలు ఎంత, మెడ ఎంత ముందుకు వంగి ఉన్నది, ఒక భుజం రెండవదానికంటె క్రిందుగా ఉన్నదా అన్నవి మామూలుగా తీసుకునే కొలతల్లో అసలే కనిపించవు.

ఇక మన ఇళ్ళలో మరొక అలవాటు కలదు: దర్జీకి ‘ఆది’ ఇవ్వడం. పాత కమీజులలో కాస్త నయంగా ఉన్నదానిని సంచిలో పెట్టి పంపుతాము. పరపురుషుని చేత కొలతలు తీయించుకోవలసిన అవసరం లేకుండా పోతుంది గనుక ఈ పద్ధతి మన స్త్రీలకు సౌకర్యమే. కాని ఆదిలో ఉన్న లోపం కూడ కొత్త దుస్తులోకి వస్తుంది. అయిదేళ్ళ క్రితం ఎవరో తప్పుగా కత్తిరించిన భుజం, ఆది చేతులు మారుతూ వచ్చి, నేటికీ అదే ఇంట్లో ప్రతి కమీజు మీదా కూర్చుని ఉండడం మేము చూశాము. కొంతకాలానికి ఆ ఇంటివారు దానిని లోపంగా కూడ గుర్తించరు.

పురుషుల షేర్వానీ విషయంలో ఇలా జరగదు. మంచి దర్జీ షేర్వానీ గుడ్డను కత్తిరించిన తరువాత పొడుగుపాటి దారంతో కచ్చా కుట్టు వేసి, పెండ్లికుమారుని పిలిపించి, తొడిగి చూసి, సుద్దతో గుర్తులు పెట్టి, మళ్ళీ విప్పి అసలు కుట్టు కుడతాడు. దానిని అందరూ ‘ట్రయల్’ అంటారు. అది లేకపోతే వరుని తండ్రి ఊరుకోడు. అదే పెండ్లిలో వధువు దుస్తులు నేరుగా మిషను క్రిందికి వెళ్ళిపోతాయి. దీనికి న్యాయమైన కారణమేదీ మాకు కనిపించలేదు.

మేము చెప్పబోయేది షేర్వానీ ట్రయల్ కంటె ఒక అడుగు ముందుది. అసలు గుడ్డకు కత్తెర తగలక ముందే చవకైన గుడ్డతో కచ్చా కమీజు ఒకటి కుట్టి, తొడిగి, సరిచేసుకొని, ఆ సరిచేసిన ముక్కలను బట్టి అసలు గుడ్డను కత్తిరించడం. పాశ్చాత్య దేశాల కుట్టుపనివారికి ఇది బాగా అలవాటైన పని. ఫ్రెంచివారు దీనిని ‘త్వాల్’ అంటారు, ఆ మాటకు గుడ్డ అనే అర్థం. అమెరికాలో ‘మస్లిన్’ అంటారు. మస్లిన్ అనే మాట ఇరాక్‌లోని మోసుల్ నగరం పేరు నుంచి వచ్చినదని నిఘంటువులు చెబుతాయి. మన మచిలీపట్నంతో ముడిపెట్టేవారూ ఉన్నారు. ఢాకాలో గాలివంటి సన్నని నేతకు పేరైన మాట అమెరికాకు చేరేసరికి ముతక కోరా గుడ్డకు, ఆపైన ఆ గుడ్డతో కుట్టే పరీక్ష దుస్తుకు పేరైంది. మా బాలికలు మాత్రం దీనిని ‘కచ్చా’ అనే అంటారు. మేమూ అదే మాట వాడుతాము.

ఒకే దుస్తును రెండుసార్లు కుట్టడం ఇస్రాఫ్, అనగా దుబారా కాదా అని ఒక సోదరి అడిగారు. ఆమె లెక్క ఒకసారి చూద్దాము. కమీజుకు సుమారు 2.5 మీటర్ల గుడ్డ పడుతుంది. కచ్చాకు పూర్తి నిడివి అక్కరలేదు. తుంటి వరకు ఉంటే చాలును. దానికి ఒంటిమంచపు పాత దుప్పటి ఒకటి సరిపోతుంది. మధ్యలో చిరిగి, అంచుల వద్ద గట్టిగా ఉన్న దుప్పటులు లేని ఇల్లు ఉండదు. ఇటువైపు పాత దుప్పటి, ఒక పూట శ్రమ. అటువైపు ఒకసారి కత్తిరిస్తే తిరిగి అతకని గుడ్డ. పోచంపల్లి ఇకత్ గుడ్డలో రంగుల అమరిక నేతలోనే ఉంటుంది. ఒక ముక్క చెడితే దానికి సరిపడే మరొక ముక్క దుకాణంలో దొరుకుతుందన్న నమ్మకం లేదు. తల్లి జ్ఞాపకంగా మిగిలిన మంగళగిరి చీరను కమీజుగా మార్చుకోవాలనుకునే కుమార్తెకైతే మరొక ముక్క అన్న మాటే లేదు. దుబారా ఎటువైపు ఉన్నదో ఆ సోదరియే నిర్ణయించుకోవచ్చును.

అయితే ప్రతి దుస్తుకూ కచ్చా కావాలని మేము అనము. పిల్లల గౌనులకు, ఇంట్లో ధరించే నైటీలకు, నడుము వద్ద కుచ్చులు పోసే షల్వారుకు అక్కరలేదు. కొత్త కత్తిరింపు మొదటిసారి వాడుతున్నప్పుడు, గుడ్డ విలువైనదైనప్పుడు, ధరించబోయే వారి ఒడ్డు పొడవులు సామాన్య కొలతలకు భిన్నంగా ఉన్నప్పుడు మాత్రం తప్పనిసరి.

ఇక పని. కచ్చాకు ఎంచుకునే గుడ్డ అసలు గుడ్డకు బరువులో, వాలులో దగ్గరగా ఉండాలి. నూలు కమీజుకు కోరా గుడ్డ గాని, దుప్పటి గాని సరిపోతుంది. జార్జెట్టు వంటి జారుగుడ్డకు పాత వాయిలు చీర గాని, దుపట్టా గాని వాడాలి. బిరుసైన కోరా మీద సరిపోయిన కత్తిరింపు జార్జెట్టు మీద వ్రేలాడిపోతుంది. సాగే బనీను గుడ్డను సాగని గుడ్డకు పరీక్షగా ఎన్నడూ వాడరాదు. అది ఒంటికి తగినట్టు సాగిపోయి లోపాన్ని దాచిపెడుతుంది. కొత్త కోరా అయితే ముందుగా తడిపి, ఆరవేసి, ఇస్త్రీ చేయాలి. కోరా గుడ్డ మొదటి తడుపులో ముడుచుకుంటుంది.

పడుగు దారం నిలువుగా, పేక దారం అడ్డంగా ఉండేటట్టు ముక్కలు పరచాలి. తరువాత పెన్సిలుతో నాలుగు గీతలు గీయాలి: ముందు, వెనుక భాగాల నడిమధ్యన నిలువుగా ఒకటి; ఛాతీ వద్ద, నడుము వద్ద, తుంటి వద్ద అడ్డంగా ఒక్కొక్కటి. కచ్చాకు ప్రాణం ఈ గీతలే. దుస్తు తొడిగిన తరువాత గీత నేలకు సమాంతరంగా నిలిస్తే అక్కడ గుడ్డ సరిగా ఉన్నది. ఎక్కడ పైకి లేచిందో అక్కడ గుడ్డ నిడివి చాలలేదు. ఎక్కడ క్రిందికి జారిందో అక్కడ ఎక్కువైంది. అనుభవం లేని బాలిక సైతం ఈ గీతలను చదువగలదు. అద్దంలో ముడతలను చదవడానికి మాత్రం కొంత అలవాటు కావాలి.

కుట్లకు అర అంగుళానికి బదులు ఒక అంగుళం గుడ్డ వదలాలి, తరువాత విప్పుకోవడానికి వీలుగా. మిషను కుట్టును 4 లేక 5 మిల్లీమీటర్ల పొడవుకు మార్చుకోవాలి. మెడ, చంక వంపులలో మిగులు గుడ్డకు చిన్న చిన్న గాట్లు పెట్టాలి. లేకపోతే ఆ మిగులే పట్టివేసి లేని బిగువును చూపుతుంది. కాలరు, గుండీలు, అంచు మడతలు ఏవీ వద్దు. ముందుభాగం నడిమధ్యన తెరిచి ఉంచి, తొడిగిన తరువాత గుండుసూదులతో మూసుకుంటే చాలును. చేతులు రెండూ ఒకటే అయినప్పుడు ఒక చెయ్యి పెడితే సరిపోతుంది.

తొడిగేటప్పుడు ఆ కమీజు క్రింద రోజూ ఏ లోదుస్తులు ఉంటాయో అవే ఉండాలి. చాలామంది కొలతల వేళ ఊపిరి బిగబట్టి, భుజాలు వెనక్కి విరిచి నిలబడతారు. ఆ భంగిమ అయిదు నిమిషాలు నిలవదు, దుస్తు అయిదేళ్ళు ఉంటుంది. మామూలుగా నిలబడాలి. సూదులు పెట్టడానికి మరొకరు కావాలి. తన వీపు తాను చూసుకోవడానికి మెడ తిప్పితేనే గుడ్డ అంతా మెలి తిరుగుతుంది. అక్కచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు ఒకరికొకరు చేసుకోదగిన పని ఇది.

ముడతలు ఎటు చూపుతున్నాయో అటు వెళ్ళాలి. బిగువు వల్ల వచ్చే ముడత సాగదీసిన దారంలా గట్టిగా ఉండి, గుడ్డ చాలని చోటు వైపు చూపుతుంది. మిగులు వల్ల వచ్చే ముడత మెత్తగా మడతపడి వ్రేలాడుతుంది. ఈ రెంటినీ వ్రేళ్ళతో తాకి చూస్తే తేడా తెలిసిపోతుంది. నిలువు మడతలు పడితే అక్కడ వెడల్పు ఎక్కువ. అడ్డ మడతలు పడితే నిడివి ఎక్కువ. మెడ మొదటి నుంచి చంక వైపు ఏటవాలుగా మెత్తని మడత దిగితే, ధరించినవారి భుజాలు కత్తిరింపులో కంటె ఎక్కువ వాలుగా ఉన్నాయని అర్థం. భుజం చివర పావు అంగుళం నుంచి అర అంగుళం పట్టి సూది పెడితే మడత మాయమవుతుంది. అయితే అంతే మేర చంక అడుగును క్రిందికి దించాలి, లేకపోతే చంక ఇరుకవుతుంది. మెడ వెనుక క్రిందుగా అడ్డంగా ఒక మడత లేస్తే భుజాలు చదునుగా ఉన్నాయన్నమాట. అక్కడ భుజం చివర కుట్టు విప్పి గుడ్డ వదలాలి. ముందుభాగపు అంచు పైకి లేచి, పక్క కుట్టు ముందుకు వాలితే ఛాతీ మీదుగా నిడివి చాలలేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. పక్కలు వదులు చేస్తారు, లేదా ఒక సైజు పెద్దది కత్తిరిస్తారు. దానితో ఛాతీకి కాస్త ఊరట లభించినా భుజాలు జారిపోతాయి, మెడ నోరు తెరుస్తుంది. అక్కడ కావలసినది ముందుభాగానికి మాత్రమే నిడివి పెంచి, ఆ పెంపును పక్క టక్కులోకి తీసుకోవడం. తుంటి వద్ద పక్క చీలికలు, ఉర్దూలో చాక్ అంటారు, నిలబడినప్పుడే విచ్చుకుంటూ ఉంటే తుంటికి వెడల్పు తక్కువైందని చెప్పనక్కరలేదు.

ఒకసారి ఒకే లోపాన్ని సరిచేయాలి. పైనుంచి క్రిందికి రావాలి. భుజం సరిపడగానే క్రింది ముడతలు సగం వాటంతట అవే పోవడం తరచుగా జరుగుతుంది.

వంగిన వీపు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రతి ఇంట్లోనూ ఒక నానీ, ఒక దాదీ ఉంటారు, వారి దుస్తుల గురించి వ్రాసేవారు తక్కువ. మా వద్ద చదివి వెళ్ళిన ఒక అమ్మాయి తన ఊరిలో ఇంటివద్దనే కుట్టుపని చేసుకుంటూ తమ్ముళ్ళను చదివిస్తున్నది. ఆ వీధిలో ఒక పెద్దామె గల్ఫులో ఉన్న కుమారుడు పంపిన గుడ్డ తెచ్చి ఇచ్చింది. ఆమె కమీజులన్నీ వెనక్కి జారుతాయి. ముందు మెడ గొంతుకు ఒత్తుకుంటుంది. రోజుకు ఎన్నిసార్లు ముందుకు లాక్కుంటుందో లెక్కలేదు. అంతకుముందు కుట్టినవారందరూ ముందు మెడను మరింత లోతుగా కత్తిరించారు. గొంతు ఒత్తిడి తగ్గింది, జారుడు తగ్గలేదు. పైగా మెడ లోతుగా ఉన్నదని ఆమె ఎప్పుడూ దుపట్టా సూదితో పెట్టుకొని తిరిగేది. “నా ఒళ్ళే ఇట్లాంటిదమ్మా, నువ్వేం చేస్తావులే” అన్నదట.

ఆ అమ్మాయి దుప్పటితో కచ్చా కుట్టి తొడిగి చూసింది. వెనుక ఛాతీగీత నడుమ విల్లులా పైకి లేచి ఉన్నది. ముందుది క్రిందికి దిగి ఉన్నది. వీపు వంగినవారికి మెడ వెనుక నుంచి నడుము దాకా దూరం ఎక్కువ. ముందువైపు దూరం తక్కువ. కొలతల పుస్తకంలో ఈ రెండూ ఇంచుమించు స్థిరమైన లెక్కలు. ఆమె మెడకు 4 అంగుళాల క్రిందుగా, వీపు మీద అడ్డంగా, రెండు చంకల అంచులు తెగకుండా గుడ్డను కోసింది. కోసిన వెంటనే గుడ్డ దానంతట అది నడుమ అంగుళంపావు విచ్చుకున్నది. ఆ సందు క్రింద మరొక ముక్క పెట్టి సూదులతో బిగించింది. అదే సమయంలో ముందుభాగంలో, మెడకూ ఛాతీకీ మధ్య అర అంగుళం మడత పట్టింది. మెడ గొంతును వదిలింది. పెద్దామె తల అటూ ఇటూ తిప్పి చూసుకొని, చేతులు పైకెత్తి దించి, “దీన్నే కుట్టియ్యరాదా బిడ్డా, ఆ గుడ్డ అట్లా ఉండనీ” అన్నదట. పూల పూల దుప్పటి అది.

విచ్చుకున్న ఆ అంగుళంపావు వల్ల వీపు నడిమి గీత ఇక తిన్నగా ఉండదు, వంపు తిరుగుతుంది. కనుక అసలు గుడ్డలో వీపును మడత మీద ఒకే ముక్కగా కత్తిరించడం కుదరదు. వీపు నడుమ ఒక కుట్టు పెట్టుకోవాలి, లేదా మెడ దగ్గర రెండు చిన్న టక్కులు వేయాలి. ఇటువంటిది ముందుగా తెలియకపోతే గుడ్డ కత్తిరించిన తరువాత చేయగలిగినది ఏమీ లేదు.

ఇప్పుడు చంక. ‘చెయ్యి ఆడటం లేదు, చంక ఇంకా క్రిందికి తవ్వండి’ అని స్త్రీలు కోరడం, దర్జీలు తవ్వడం లోకంలో సాగుతున్నది. ఇది తలక్రిందుల వైద్యం. చెయ్యి పైకెత్తినప్పుడు తుంటి నుంచి చంక మీదుగా మణికట్టు దాకా పక్క వెంట గుడ్డ కావాలి. ఆ నిడివి రెండు కుట్లలో ఉంటుంది: పక్క కుట్టు, చేతి అడుగు కుట్టు. చంకను క్రిందికి తవ్వితే ఆ రెండూ పొట్టివవుతాయి. అందువల్ల చెయ్యి ఎత్తగానే కమీజు మొత్తం దానితో పాటు లేస్తుంది, ముంజేయి బయటపడుతుంది. చంక అడుగు శరీరానికి దగ్గరగా, ఒక అంగుళం దిగువన ఉండి, చేతి పైభాగపు గోపురం కాస్త తక్కువ ఎత్తుతో, వెడల్పుగా ఉంటే చెయ్యి స్వేచ్ఛగా లేస్తుంది, దుస్తు కదలదు. మాటలతో చెబితే మా బాలికలెవరూ నమ్మరు. ఒకే కచ్చాకు ఒకవైపు ఎత్తు చంక, మరొకవైపు లోతు చంక పెట్టి తొడిగి రెండు చేతులూ ఎత్తమంటాము. ఆ తరువాత వాదన ఉండదు.

మన పాత కుర్తాలు ఈ చిక్కును మరొక విధంగా విడదీశాయి. వాటిలో వంపు చంక ఉండదు. అన్నీ తిన్నని ముక్కలు. చంకలో ఒక చదరపు ముక్కను మూలగా పెట్టి కుడతారు. ఉర్దూలో దానిని చౌబగ్లా అంటారు. చెయ్యి ఎత్తినప్పుడు ఆ ముక్క విచ్చుకొని కావలసిన నిడివినిస్తుంది, దించినప్పుడు ముడుచుకుంటుంది. గుడ్డలో వ్యర్థం కూడ దాదాపు ఉండదు. నేటి దర్జీలు దానిని వదిలివేశారు. వృద్ధులకు, ఇంటిపని ఎక్కువగా చేసేవారికి నేటికీ అది మేలైన కత్తిరింపని మా అభిప్రాయం.

కనుక కచ్చా తొడిగి అద్దం ముందు బొమ్మవలె నిలబడి చూసుకుంటే చాలదు. మన దుస్తు రోజుకు అయిదుసార్లు వంగుతుంది, నేలను తాకుతుంది. కచ్చా మీదనే తక్బీరుకు చేతులు ఎత్తి చూడాలి. రుకూలోకి వంగినప్పుడు వెనుక అంచు ఎంత లేస్తున్నదో మరొకరిని చూడమనాలి. సజ్దాలో రెండు భుజాల మధ్య వీపు పట్టివేస్తే అక్కడ వెడల్పు చాలలేదు. నిలబడి ఉన్నప్పుడు ఆ లోపం కనిపించదు. చేతి పొడవును మోచెయ్యి మడిచి చూడాలి, తిన్నగా చాచి కొలిచిన చెయ్యి మడవగానే పొట్టిదవుతుంది. మరొకటి, తరచుగా మరచిపోయేది: వుజూకు చేతిని మోచెయ్యి పైదాకా నెట్టగలగాలి. చేతి మూతిని అందంగా ఇరుకు చేసి కుట్టిన కమీజులతో ఎందరు స్త్రీలు కొళాయి దగ్గర ఇబ్బంది పడతారో, ఎన్ని చేతులు కుట్ల వద్ద చిట్లిపోతాయో చెప్పలేము. కచ్చా చేతిని పైకి నెట్టి చూస్తే మూతి ఎంత ఉండాలో అక్కడే తేలుతుంది. ఇరుకే కావాలనుకుంటే మూతి వద్ద చీలిక, గుండీ పెట్టుకోవచ్చును.

‘మనము వదులు దుస్తులే ధరిస్తాము గదా, మనకు ఈ కుదుర్పు ఎందుకు’ అనేవారూ ఉన్నారు. వదులు దుస్తు భుజాల మీద వ్రేలాడుతుంది. దాని బరువంతా భుజాలే మోస్తాయి. బిగువు దుస్తునైతే ఛాతీ, నడుము కూడ పట్టి నిలుపుతాయి. కనుక భుజం, మెడ, చంక సరిగా కుదరవలసిన అవసరం వదులు దుస్తుకే ఎక్కువ. ఛాతీకి 4 లేక 5 అంగుళాల వదులు కలిపినా భుజం ఒక అంగుళం ఎక్కువైతే ఆ కమీజు రోజంతా జారుతూనే ఉంటుంది. వదులు ఒకచోట ఉండవలసినది, కుదురు మరొకచోట ఉండవలసినది. రెండు చోట్లా వదులు పెంచితే సంచి తయారవుతుంది.

కచ్చా వల్ల మరొక ప్రయోజనం గలదు. కొందరు ఆడపిల్లలకు ఒక భుజం క్రిందుగా ఉంటుంది, వెన్ను ఒకవైపు ఒరిగి ఉంటుంది. కొలతలు తీసేవారి ముందు నిలబడాలంటేనే వారికి బిడియం. తల్లులు ‘సరిగా నిలబడు’ అని పదిమందిలో కసురుతారు. ఆ పిల్ల ఎప్పుడూ సరిగానే నిలబడి ఉన్నది. అటువంటివారికి కచ్చాలో రెండు వైపులూ వేరు వేరుగా సూదులు పెట్టాలి, కుడి ఎడమలు పెద్ద అక్షరాలతో వ్రాయాలి, అసలు గుడ్డను మడిచి కత్తిరించకుండా ఒకే పొరగా పరచి కత్తిరించాలి. క్రిందుగా ఉన్న భుజం మీద పలుచని మెత్త పెట్టడమో, ఆ వైపు పావు అంగుళం తగ్గించడమో ఆ పిల్ల ఇష్టానికే వదలాలి. ఇదంతా ఇంట్లో, తలుపు మూసుకొని, తల్లి లేదా ఆపా చేతిమీదుగా జరిగిపోతుంది.

సూదులు పెట్టిన కచ్చాను పొడుగుపాటి కుట్టుతో బిగించి, దానినే దర్జీకి ఆదిగా పంపవచ్చును. కొలతలు ఇవ్వనక్కరలేదు, ఎవరూ ఎవరినీ తాకనక్కరలేదు. పాత కమీజు ఆదిగా వెళితే దాని లోపాలు కూడ వెళతాయని పైన అన్నాము. కచ్చా ఆదిగా వెళితే ఆ బెడద తప్పుతుంది. ‘మేము ఇట్లాంటివి తీసుకోము’ అని మొదట్లో ఒకరిద్దరు దర్జీలు త్రిప్పి పంపుతారు. విప్పి ముక్కలుగా ఇస్తే తీసుకుంటారు.

ఇతరుల గుడ్డ కుట్టి జీవించే మన అమ్మాయిలకు ఒక మాట. కొనుగోలుదారు తెచ్చి చేతిలో పెట్టిన గుడ్డ అమానత్తు. అది చెడితే డబ్బు ఇవ్వగలమేమో గాని, పండుగ రెండు రోజుల్లో ఉండగా ఆ గుడ్డను తెచ్చి ఇవ్వలేము. ఒక్క వీధిలో ఒక్క కమీజు చెడితే ఆ మాట వీధి చివరకు ఎంత వేగంగా చేరుతుందో మనకు తెలుసును. కొత్తగా వచ్చిన ప్రతి మనిషికీ మొదటిసారి ఒక కచ్చా కుట్టండి. కూలిలో దానిని కలపవచ్చును, ముందుగా చెప్పి కలపండి. రెండవసారి నుంచి ఆ శ్రమ ఉండదు, ఆ మనిషి కత్తిరింపు మీ వద్దనే ఉంటుంది గనుక ఆమె మరొకచోటికి వెళ్ళదు కూడ.

సరిచేసిన కచ్చాను ఎలా దాచాలో చెప్పి ముగిస్తాము. సూదులు పెట్టిన చోటల్లా పెన్సిలుతో రెండు వైపులా గీత గీసి, ఆ తరువాతే సూదులు తీయాలి. కుట్లన్నీ విప్పి, తడి లేకుండా ఇస్త్రీ చేసి, చదునైన ముక్కలను ఖాకీ కాగితం మీద పరచి అచ్చు తీయాలి. మార్పులు మూడు నాలుగు చోట్ల వచ్చి ఉంటే ఆ కాగితంతో రెండవ కచ్చా కుట్టి చూడడం మంచిది; మూడవది అవసరమైతే లోపం కత్తిరింపులోనే ఉన్నదనుకొని వేరే కత్తిరింపు ఎంచుకోవాలి. కాగితం మీద పేరు, తేదీ, ఏ గుడ్డకు పరీక్షించారో వ్రాయాలి. ఎదిగే పిల్లలకు ఆరు నెలలకొకసారి, కాన్పు తరువాత, పెద్ద జబ్బు నుంచి లేచిన తరువాత మళ్ళీ తొడిగి చూడాలి. మా కుట్టుగదిలో ఈ కాగితాలను గుండ్రంగా చుట్టి, గోడకు కొట్టిన మేకులకు దారంతో వ్రేలాడదీస్తాము. కచ్చా ముక్కలు ఇస్త్రీపెట్టె తుడవడానికి, సంచుల లోపలి గుడ్డకు పనికివస్తాయి.